స్పెయిన్ స్టాల్ మీ క్లాసుకొస్తే ఏం వండాలి

కల్చరల్ ఫెయిర్ అనగానే స్కూళ్ళలో చీటీలు తీస్తారు. ఒక క్లాసుకు జపాన్, ఇంకో క్లాసుకు బ్రెజిల్, మరో క్లాసుకు స్పెయిన్. స్పెయిన్ చీటీ వచ్చిన పిల్లల అమ్మలు నేరుగా నా దగ్గరికొస్తారు. అనంతపురం కమలానగర్‌లో నాది చిన్న కర్రీ పాయింట్. పప్పు, పుల్లగూర, చికెన్ ఫ్రై తప్ప అక్కడ వేరే దేశపు వంటేదీ దొరకదు. కానీ మా మేడ మీద ఒక గదుంది. స్పెయిన్ నుంచి వాలంటీర్లుగా వచ్చే అమ్మాయిలు అందులో కొన్నాళ్ళు అద్దెకుండి పోతుంటారు. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడల్లా కిందికి దిగి "అక్కా, స్టవ్ ఖాళీగా ఉందా?" అంటూ మా వంటింట్లోకి దూరతారు. పక్కన నిలబడి ఎర్రగడ్డలు తరిగిస్తూ నేను చూసి నేర్చుకున్నవే ఇవన్నీ.

వచ్చిన ప్రతి అమ్మా మొదట అడిగేది పాయెల్లా. నేను మొదట వద్దనేదీ అదే.

పాయెల్లా స్పెయిన్‌లోని వాలెన్సియా వాళ్ళ అన్నం వంట. వెడల్పుగా, లోతు లేకుండా ఉండే పాత్రలో చికెన్, కుందేలు మాంసం, చిక్కుళ్ళు, కుంకుమపువ్వు వేసి వండుతారు. బియ్యం పోశాక గంటె పెట్టి కలపరు. అడుగున మాడీ మాడనట్టు పట్టే పెచ్చు కోసం ఇంట్లోవాళ్ళు పోటీ పడతారు. దించిన వెంటనే తింటేనే దానికి అందం. పొద్దున ఆరింటికి వండి హాట్‌బాక్సులో పెట్టి, పదకొండింటికి మూత తీస్తే మిగిలేది ముద్దగట్టిన పులావే. మా మేడ మీదున్న వాలెన్సియా అమ్మాయికి ఒక హోటల్లో పసుపేసి, బఠాణీలు చల్లి, ఇదే పాయెల్లా అని పెట్టారు. అక్కడ మర్యాదకు తినేసి వచ్చింది గానీ, ఆ రాత్రంతా మాకు దాని గురించే చెప్పింది.

స్టాల్ వంటకు నేను చూసేవి రెండే: చల్లారినా రుచి తగ్గకూడదు, ప్లేటూ స్పూనూ లేకుండా నిలబడి తినగలగాలి. ఈ రెండూ కలిసొచ్చే వంటలు స్పెయిన్‌లో బోలెడున్నాయి. అక్కడి బార్లలో కౌంటర్ మీద చిన్న చిన్న తినుబండారాలు పేర్చి పెట్టి, కొన్నింటికి టూత్‌పిక్ గుచ్చి, ఒక్కొక్కటిగా అమ్ముతారు. టాపాస్ అనేవి అవే. అంటే స్టాల్ తిండి వాళ్ళకు కొత్తేమీ కాదు, మనం ఎంచుకోవడంలోనే ఉంది.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. టాకోలు, నాచోలు, బురిటోలు స్పెయిన్‌వి కావు, మెక్సికో వైపువి. రెండు చోట్లా మాట్లాడేది స్పానిష్ కాబట్టి ఇంటర్నెట్‌లో కలగాపులగంగా వస్తాయి. జడ్జీల్లో తెలిసినవాళ్ళు ఒక్కరున్నా అక్కడే మార్కులు పోతాయి.

నేనైతే నాలుగు వంటలు చాలంటాను. గుడ్డుతో ఒకటి, బ్రెడ్డుతో ఒకటి, తాగేది ఒకటి, తీపి ఒకటి.

తోర్తియా: స్టాల్‌ను నిలబెట్టేది ఇదే

తోర్తియా అంటే స్పెయిన్ వాళ్ళ మందపాటి ఉర్లగడ్డ ఆమ్లెట్. ఉర్లగడ్డలు, గుడ్లు, ఎర్రగడ్డ, నూనె, ఉప్పు. అంతే, ఐదు వస్తువులు. మసాలా లేదు, మిరియం కూడా లేదు. ఎర్రగడ్డ వేయాలా వద్దా అన్నది మాత్రం స్పెయిన్‌లో తెగని తగవు. నేను వేస్తాను, చల్లారాక కూడా ముక్క మెత్తగా ఉంటుంది.

24 సెంటీమీటర్ల నాన్‌స్టిక్ పెనానికి 600 గ్రాముల ఉర్లగడ్డలు, 6 గుడ్లు, ఒక పెద్ద ఎర్రగడ్డ సరిపోతాయి. పెనం అంచు కనీసం మూడు వేళ్ళ ఎత్తుండాలి. దోసెల పెనం మీద ఇది అవ్వదు, ఇనుప బాండ్లిలో అడుగు అంటుకుంటుంది. ఇంట్లో సరైన పెనం లేకపోతే ఎవరినైనా అడిగి తెచ్చుకోండి గానీ ఉన్నదాంతో కానిచ్చేద్దామనుకోకండి.

ఉర్లగడ్డలు చెక్కు తీసి, నాలుగు పాయలు చేసి, ఒక్కో పాయను పల్చగా అడ్డంగా తరగాలి. తరిగాక నీళ్ళలో వేయొద్దు. కడిగితే గంజి పోతుంది, గుడ్డుతో కలిసి ముక్క పట్టుకునేది ఆ గంజితోనే. బాండ్లిలో ఒకటిన్నర కప్పు నూనె పోసి, ఒక మాదిరిగా వేడెక్కాక ముక్కలు, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, ఒక చెంచా ఉప్పు వేసి మంట తగ్గించాలి.

ఇక్కడే మనవాళ్ళ చెయ్యి ఆగదు. నూనె కనబడితే వేపుడు చేసేద్దామనిపిస్తుంది. ఇది వేపుడు కాదు. ముక్క ఎర్రబడకూడదు, కరకరలాడకూడదు. నూనెలో అక్కడక్కడా చిన్న బుడగలు మాత్రమే లేస్తూ, 20 నిమిషాల పాటు నిదానంగా ఉడకాలి. మధ్యలో అట్లకాడతో రెండు మూడు సార్లు తిప్పండి. ముక్కను అంచుతో నొక్కితే అడ్డం చెప్పకుండా విరగాలి. ఎర్రగడ్డ అద్దంలాగా అయ్యి తీపి వాసన వస్తుంది. అప్పుడు జల్లెడలోకి వంచి నూనె వార్చేయండి. ఒకటిన్నర కప్పులో చాలా భాగం వెనక్కొస్తుంది. వడగట్టి సీసాలో పోసుకుంటే తర్వాతి తోర్తియాకు అదే నూనె పనికొస్తుంది.

గుడ్లు వెడల్పాటి గిన్నెలో కొట్టండి. నురగ రానక్కర్లేదు, తెల్లసొన పచ్చసొన కలిస్తే చాలు. అందులో వేడి ముక్కలు వేసి కలిపి, 10 నిమిషాలు అలా వదిలేయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. గుడ్డు చిక్కబడి ముక్కల సందుల్లోకి పోవాలంటే ఆ పది నిమిషాలు కావాలి.

పెనంలో రెండు చెంచాల నూనె బాగా కాగాక మిశ్రమం మొత్తం పోసి, ఒక నిమిషం మీడియం మంట మీద, తర్వాత సిమ్‌లో ఐదారు నిమిషాలు ఉంచాలి. అంచులు పెనాన్ని వదిలి, పెనం ఊపితే మొత్తం ఒకే బిళ్ళగా కదలాలి. పైన మధ్యలో ఇంకా తడిగా ఉంటుంది. ఉండనీయండి.

ఇక తిప్పడం. పెనం కన్నా రెండు వేళ్ళు వెడల్పున్న, అంచు లేని స్టీలు మూత తీసుకోండి. తళతళలాడే కొత్తదైతే జారుతుంది, ఇంట్లో వాడి వాడి గీతలు పడ్డదే మేలు. పెనాన్ని స్టవ్ మీంచి తీసి సింకు మీదికి తెచ్చి, మూత బోర్లించి, బట్టతో అరచెయ్యి మూత నడిబొడ్డున ఆనించి గట్టిగా నొక్కిపట్టండి. రెండో చేత్తో పెనం పిడి పట్టుకుని, ఒక్క ఊపులో తిరగెయ్యాలి. భయపడి సగంలో ఆగితేనే పచ్చి గుడ్డు మోచేతి దాకా కారుతుంది. మూత మీదికొచ్చాక పైకి చూసేది బంగారు రంగు ముఖం. దాన్ని మెల్లగా మళ్ళీ పెనంలోకి జార్చి, అంచులను అట్లకాడతో లోపలికి మడిచినట్టు నొక్కి, ఇంకో నాలుగైదు నిమిషాలు ఉంచాలి.

స్పెయిన్‌లో చాలామందికి మధ్యలో గుడ్డు కాస్త జారుగా ఉండటం ఇష్టం. స్కూల్ స్టాల్‌కు అది వద్దే వద్దు. చిన్నపిల్లలు తినేది, ఎండలో పెట్టేది. చాకు గుచ్చి తీస్తే తడి అంటకుండా వచ్చేదాకా ఉడికించండి.

ముందురోజు సాయంత్రం చేసి, చల్లార్చి, మొత్తం బిళ్ళను అలాగే ఫ్రిజ్‌లో పెట్టేయండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చాకు శుభ్రంగా దిగుతుంది. 3 సెంటీమీటర్ల చదరాలుగా కోసి, ఒక్కోదానికి టూత్‌పిక్ గుచ్చితే ఒక తోర్తియాకు దాదాపు 40 ముక్కలొస్తాయి. 150 మంది వస్తారనుకుంటే నాలుగు చేయాలి. అంటే రెండున్నర కిలోల ఉర్లగడ్డలు, రెండు డజన్ల గుడ్లు. ఇది ఒక్కరి పని కాదు, ఇద్దరు అమ్మలు రెండేసి పంచుకోండి.

గుడ్డు తినని పిల్లల కోసం శనగపిండి తోర్తియా ఉంది. స్పెయిన్‌లో గుడ్డు మానేసినవాళ్ళు కూడా ఇలాగే చేసుకుంటారు. ఒకటిన్నర కప్పుల శనగపిండిని ఒకటిన్నర కప్పుల నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, గుడ్ల బదులు పోయడమే. చిటికెడు నల్లుప్పు వేస్తే గుడ్డు వాసన వస్తుంది. మంట ఇంకా తగ్గించి, ఎక్కువసేపు ఉంచాలి, లేకపోతే లోపల పచ్చిపిండి వాసన మిగిలిపోతుంది. దీనికి పెనం, అట్లకాడ, చాకు అన్నీ వేరేగా పెట్టండి. "అదే చాకుతో కోశారా?" అని అడిగే అవ్వలు ఫెయిర్‌కు తప్పకుండా వస్తారు.

"కారం లేకుండా మనూళ్ళో ఎవరు తింటారక్కా?"

ఈ ప్రశ్న ఎవరూ వేయకుండా ఉండరు. వాళ్ళ కోసం స్పెయిన్ దగ్గర బ్రావా సాస్ ఉంది. మాడ్రిడ్‌లో వేయించిన ఉర్లగడ్డల మీద పోసిచ్చే పతాతాస్ బ్రావాస్ బాగా పేరున్నదే. కానీ వేయించిన ఉర్లగడ్డ స్టాల్ మీద పావుగంటలో మెత్తబడి నీరసపడిపోతుంది. కాబట్టి సాస్ మాత్రం తీసుకుని తోర్తియా పక్కన గిన్నెలో పెట్టండి.

ఇందులో అసలు సంగతి పిమెంతోన్, అంటే వాళ్ళ మిరప్పొడి. లా వేరా అనే చోట ఓక్ కట్టెల పొగలో మిరపకాయలు ఎండబెట్టి పట్టిస్తారు. ఎర్రటి రంగు, పొగ వాసన, కారం తక్కువ. మనకు బ్యాడిగి మిరప్పొడి దానికి దగ్గరగా వస్తుంది. గుంటూరు కారం వేస్తే పిల్లలు నీళ్ళ కోసం పరిగెత్తుతారు. పొగ వాసన కావాలంటే మిరప్పొడి గిన్నె మధ్యలో చిన్న స్టీలు కప్పు పెట్టి, అందులో ఎర్రగా కాలిన బొగ్గు ముక్క వేసి, రెండు చుక్కల నూనె చుక్కించి, ఐదు నిమిషాలు మూత పెట్టండి. పొడిలో బాగానే దిగుతుంది.

నాలుగు చెంచాల నూనెలో ఒక ఎర్రగడ్డ, రెండు తెల్లగడ్డ రెబ్బలు సన్నగా తరిగి మగ్గబెట్టి, మంట పూర్తిగా తగ్గించి రెండు చెంచాల మిరప్పొడి వేయాలి. మిరప్పొడి మాడితే చేదెక్కుతుంది, ఆ సాస్‌ను ఇక ఏదీ బాగుచేయలేదు. అందుకని వెంటనే ఒక చెంచా మైదా వేసి తిప్పి, ఒకటిన్నర కప్పుల వేడి నీళ్ళు లేదా కూరగాయలు ఉడికించిన నీళ్ళు పోయండి. చిక్కబడ్డాక ఉప్పు, ఒక చెంచా వెనిగర్ వేసి, మిక్సీలో తిప్పితే నున్నటి సాస్. మాడ్రిడ్ పాత పద్ధతిలో టమాటా ఉండదు. వేరే చోట్ల వేసుకుంటారు, మీ ఇష్టం.

టమాటా రొట్టె

పొయ్యి అక్కర్లేని వంట కావాలంటే ఇదే. స్పెయిన్‌లో కాటలోనియా వాళ్ళు పొద్దుటి టిఫిన్ నుంచి రాత్రి భోజనం దాకా దీన్ని వదలరు. కాల్చిన రొట్టె మీద తెల్లగడ్డ రెబ్బ రుద్ది, పండు టమాటా సగం కోసి రుద్ది, పైన ఆలివ్ నూనె, ఉప్పు. పాన్ కొన్ తొమాతె అంటారు.

బేకరీలో దొరికే మామూలు శాండ్‌విచ్ బ్రెడ్‌లో చక్కెర ఎక్కువ, రొట్టె తియ్యగా ఉంటే ఈ వంట చెడుతుంది. సాల్ట్ బ్రెడ్ ఉందా అని అడగండి. లేదంటే పావ్‌ను అడ్డంగా రెండు పొరలు చేసి పెనం మీద ఎర్రగా, గట్టిగా కాల్చండి. ఒక రోజు పాతదైనా పరవాలేదు, ఇంకా మంచిదే.

స్టాల్ మీద ఒక్కో రొట్టెకు టమాటా రుద్దుతూ కూర్చుంటే క్యూ గేటు దాకా పోతుంది. కాబట్టి బాగా పండిన నాటు టమాటాలు సగానికి కోసి, కోసిన వైపు తురుముపీటకు ఆనించి తురమండి. గుజ్జంతా కిందికి పోయి, తొక్క ఒక్కటే అరచేతిలో మిగులుతుంది. ఈ పని ఆరో క్లాసు పిల్లలు కూడా చక్కగా చేస్తారు. గుజ్జును జల్లెడలో పది నిమిషాలుంచి నీరు దించేసి, ఉప్పు, నాలుగు చెంచాల ఆలివ్ నూనె కలిపితే అయిపోయింది. కిలో టమాటాలకు 40 ముక్కల దాకా వస్తాయి. గట్టిగా, పచ్చి వాసనొచ్చే హైబ్రిడ్ కాయలతో మాత్రం చేయొద్దు. కక్కలపల్లి మార్కెట్ పక్కనున్న మనకు మంచి పండు టమాటాకు కొరతేముంది.

ఇచ్చే ముందు మాత్రమే పూయాలి. ముందే పూసి పళ్ళెంలో పేరిస్తే రొట్టె నానిపోతుంది. ఒక పిల్ల తెల్లగడ్డ రుద్దుతుంది, ఇంకో పిల్ల గుజ్జు పూస్తుంది, మూడో పిల్ల ఇస్తుంది. జనం ఆగి చూసేది ఈ పనినే. మూతలు పెట్టిన డబ్బాల స్టాళ్ళ మధ్య మీ స్టాల్‌కు గిరాకీ ఇక్కడ్నుంచే మొదలవుతుంది.

ఆలివ్ నూనె గురించి ఒక్క మాట. ప్రపంచంలో అన్ని దేశాల కన్నా ఎక్కువ ఆలివ్ నూనె తీసేది స్పెయినే, వాళ్ళు అన్నిటికీ అదే వాడతారు. మనకు ఆ ఖర్చు వద్దు. పచ్చిగా వేసే చోట, అంటే ఈ రొట్టెకూ, తర్వాత చెప్పే గస్పాచో అనే చల్లటి టమాటా సూప్‌కూ, ఎక్స్‌ట్రా వర్జిన్ చిన్న సీసా ఒకటి కొనండి. ఉర్లగడ్డలు ఉడికించడానికి పొద్దుతిరుగుడు నూనె చాలు. శనక్కాయ నూనె కూడా పనిచేస్తుంది గానీ దాని వాసన ముందుకొస్తుంది. అనంతపురం వాళ్ళకు అది తప్పుగా అనిపించదు, అది వేరే సంగతి. పోమేస్ (ఆలివ్ పిప్పి నుంచి తీసే నూనె) అని రాసిన సీసా తక్కువ ధరకొస్తుంది, అది వేపుళ్ళకే.

గస్పాచో

దక్షిణాన ఆండలూసియాలో ఎండలు మనలాగే మండిపోతాయి. అక్కడివాళ్ళు ఎండాకాలం తాగేది ఇది. కిలో టమాటాలు, చెక్కు తీసిన ఒక దోసకాయ (సాంబారులో వేసే పసుపు దోసకాయ కాదు, పచ్చిగా తినే కీరా), ఒక చిన్న పచ్చ క్యాప్సికం, ఒకే ఒక్క తెల్లగడ్డ రెబ్బ, నీళ్ళలో నానబెట్టిన రెండు బ్రెడ్ ముక్కలు, పావు కప్పు ఆలివ్ నూనె, ఉప్పు, ఒకటి రెండు చెంచాల వెనిగర్. అన్నీ మిక్సీలో మెత్తగా తిప్పి, వడగట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. మన నాటు టమాటాలు పుల్లగా ఉంటాయి కాబట్టి ముందు ఒక్క చెంచా వెనిగరే వేసి రుచి చూడండి. నూనె చివర్లో, మిక్సీ తిరుగుతుండగా సన్నధారగా పోస్తే ఎరుపు కాస్త నారింజ రంగులోకి మారి చిక్కబడుతుంది.

పిల్లలు దీన్ని "చల్లటి రసం" అంటారు, పోపు ఏదని అడుగుతారు. పోపు పెట్టొద్దు, పచ్చిమిరపకాయ వేయొద్దు. 50 మిల్లీలీటర్ల కాగితం కప్పుల్లో సగం పైన పోసి, సన్నగా తరిగిన కీరా ముక్కలు నాలుగు పైన వేసివ్వండి. పెద్ద గ్లాసుల్లో పోస్తే సగం చెత్తబుట్టలోకి పోతుంది, అలవాటు లేని రుచి కదా. ఇది ఉడికించనిది. కాబట్టి ఫిల్టర్ నీళ్ళే వాడాలి, కూరగాయలు శుభ్రంగా కడగాలి, బయటి ఐసు వేయకూడదు.

తీపికి అర్రోస్ కొన్ లేచె

చుర్రోస్ చేద్దామని అందరికీ ఉంటుంది. చేయడం పెద్ద కష్టం కాదు: కప్పు నీళ్ళలో అర చెంచా ఉప్పు, ఒక చెంచా నూనె వేసి మరిగించి, కప్పు మైదాలో పోసి, ఉండల్లేకుండా కలిపి, మురుకుల ఒత్తులో నక్షత్రం బిళ్ళ పెట్టి కాగిన నూనెలోకి ఒత్తడమే. కాకపోతే రెండు చిక్కులు. గుండ్రటి బిళ్ళతో ఒత్తినా, పిండిలో గాలి బుడగలున్నా, నూనెలో పేలి మొహం మీద చిందే ప్రమాదముంది. ఆ గీతల నక్షత్రం అందానికి పెట్టింది కాదు. రెండోది, అరగంట దాటితే తోలులా సాగుతాయి. కాబట్టి స్కూల్లో స్టవ్‌కు పర్మిషన్ ఉండి, పెద్దవాళ్ళెవరైనా పిల్లలను నాలుగడుగుల దూరంలో ఉంచి వేయించగలిగితేనే పెట్టుకోండి. అప్పుడు పైన చక్కెర చల్లి, చిక్కటి చాక్లెట్ పాలతో ఇవ్వాలి: అర లీటరు పాలు, 100 గ్రాముల డార్క్ చాక్లెట్, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్.

స్టవ్ లేదంటారా, అర్రోస్ కొన్ లేచె చేయండి. లీటరు చిక్కటి పాలు, 100 గ్రాముల బియ్యం, ఒక దాల్చిన చెక్క, నిమ్మకాయ తొక్క ఒక పొడుగు ముక్క, చివర్లో 90 గ్రాముల చక్కెర. బియ్యం కర్నూలు సోనా అయినా సరిపోతుంది, బాసుమతి వద్దు. నిమ్మతొక్క పైపొరే తీయాలి. కింద తెల్లపొర వస్తే చేదు. రసం చుక్క కూడా పడకూడదు, పాలు విరుగుతాయి. పాలు, బియ్యం, చెక్క, తొక్క కలిపి సన్నటి మంట మీద 40 నిమిషాలకు పైగా తిప్పుతూ ఉండండి. బియ్యం బాగా మెత్తబడ్డాకే చక్కెర. ముందే వేస్తే గింజ బిరుసుగా ఉండిపోతుంది. దించేటప్పుడు జారుగా అనిపించాలి, చల్లారితే గట్టిపడుతుంది. చెక్క, తొక్క తీసేసి చిన్న కప్పుల్లో పోసి, పైన దాల్చిన చెక్క పొడి చిటికెడు చల్లాలి. ఉత్తరాన ఆస్తూరియస్‌లో పైన చక్కెర చల్లి, కాల్చి పెళుసు పొరలా చేస్తారట. స్టాల్‌కు అంత అక్కర్లేదు.

దయచేసి యాలకులు వేయకండి. నెయ్యిలో జీడిపప్పు వేయించి పోయకండి. చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. వేసేస్తే అది మనింటి పాయసమే, దాన్ని చూడ్డానికి ఎవరూ స్పెయిన్ స్టాల్ దాకా రారు.

కూల్‌డ్రింక్ ఏదైనా పెడదామా అంటే సంగ్రియా అని రాసి ద్రాక్షరసం పోయకండి. సంగ్రియా అంటే వైన్‌తో చేసేది, పేరు చూసి ఎవరైనా ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్తే మీకే తలనొప్పి. చీనీ కాయల (బత్తాయి) రసం చాలు. ఆండలూసియా నారింజ తోటలకు పేరున్న చోటు, మన జిల్లా చీనీ తోటలకు. పక్కపక్కన రెండు ఫొటోలు అంటించండి, చూసేవాళ్ళకు అర్థమవుతుంది.

చార్టు మీద ఏం రాయాలి

ఎద్దుల పోరు బొమ్మ, ఫ్లామెంకో డాన్స్ బొమ్మ అంటించి వదిలేసే చార్టులే ఎక్కువ. అనంతపురం స్కూల్లో స్పెయిన్ గురించి రాయడానికి అంతకన్నా దగ్గరి సంగతులున్నాయి. విన్సెంట్ ఫెర్రర్ పుట్టింది బార్సిలోనాలో, 1920లో. జెసూట్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘం సభ్యుడిగా 1952లో ఇండియాకొచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పనిచేసి, 1969లో అనంతపురం చేరారు. భార్య ఆన్ ఫెర్రర్‌తో కలిసి ఇక్కడ ఆర్‌డీటీని (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) నిలబెట్టారు. 2009 జూన్‌లో అనంతపురంలోనే కన్నుమూశారు, సమాధి బత్తలపల్లిలో ఉంది. అక్కడి ఆర్‌డీటీ ఆసుపత్రి తెలియని ఊరు ఈ చుట్టుపక్కల లేదు. 2010లో స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు రఫాయెల్ నాదల్ ఫౌండేషన్ ఇక్కడే పిల్లలకు టెన్నిస్ స్కూల్ తెరిచింది. టమాటా రొట్టె పక్కన ఫెర్రర్ గారి ఫొటో పెట్టి, "ఆయన సొంతూరి టిఫిన్" అని రాయండి. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆగి, మీ పిల్లలకు తెలియని కథలు వాళ్ళే చెబుతారు.

ఇంకో చార్టుకు మ్యాప్ ఒకటి చాలు. ఉర్లగడ్డ, టమాటా, మిరపకాయ మూడూ అమెరికా ఖండాల పంటలు. 1492లో కొలంబస్ అక్కడికి వెళ్ళాకే ఒక్కొక్కటిగా స్పెయిన్ ఓడల్లో యూరప్‌కు చేరాయి. మిరపకాయను మనకు తెచ్చింది పోర్చుగీసువాళ్ళు. మన శనక్కాయ పుట్టిల్లు కూడా దక్షిణ అమెరికానే. బియ్యం, నారింజ, చక్కెర మాత్రం ఎదురు దారిలో, తూర్పు నుంచి అరబ్బుల చేతుల మీదుగా స్పెయిన్‌కు వెళ్ళాయి. మీ బల్ల మీదున్న వంటలన్నిటికీ ఈ ఒక్క మ్యాప్‌లో బాణం గుర్తులు గీయొచ్చు.

ఫెయిర్ రోజు

ముందురోజు సాయంత్రానికి తోర్తియాలు, గస్పాచో, అర్రోస్ కొన్ లేచె, బ్రావా సాస్ అన్నీ ఫ్రిజ్‌లో ఉండాలి. పొద్దున మిగిలేది రొట్టె కాల్చడం, టమాటా తురమడమే. గుడ్డు, పాలు ఉన్నవి బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే లెక్క. అనంతపురంలో డిసెంబర్ మధ్యాహ్నం కూడా 30 దగ్గరికి పోతుంది. అందుకని థర్మాకోల్ పెట్టెలో ఐసు గడ్డలైన నీళ్ళ సీసాలు పెట్టి, తోర్తియాలు, కప్పులు అందులోనే ఉంచండి. ఒకటి అయిపోయాకే ఇంకొకటి తీసి కోయాలి. బల్ల నిండుగా కనబడాలని అన్నీ ఒకేసారి పరిచేయొద్దు.

ఒక్కో వంట ముందు పేరు కింద పెద్దక్షరాలతో "గుడ్డు ఉంది", "పాలు ఉన్నాయి", "మైదా ఉంది" అని రాసిన కార్డులు నిలబెట్టండి. శనక్కాయ నూనె వాడితే అది కూడా రాయండి, శనక్కాయ పడని పిల్లలుంటారు. ఇచ్చే పిల్లలకు గ్లవ్స్, పట్టకారు ఇవ్వండి, డబ్బులు తీసుకునే పిల్ల తిండి ముట్టకూడదు. టూత్‌పిక్కులు వేయడానికి వేరే డబ్బా పెట్టకపోతే అవన్నీ గ్రౌండ్‌లో పడి పిల్లల కాళ్ళకు గుచ్చుకుంటాయి.

తోర్తియా వార్చిన నూనెలో ఉర్లగడ్డ, ఎర్రగడ్డ వాసన ఉంటుంది. పారబోయకండి, మర్నాడు చిత్రాన్నం పోపుకు అంతకన్నా మంచి నూనె ఉండదు.